కన్నోరింటికి

రాజాం,
11 అక్టోబరు 2015.

దేవమణమ్మ గారికి,

షీబా వందనాలు. మిమ్మల్ని ఏమని పిలవాలో నాకు ఇంకా తేలలేదు. అమ్మా అనడానికి చనువు చాలదు, అత్తయ్యా అనడానికి వరస కుదరదు. అందుకని పేరుతోనే మొదలుపెట్టాను. తప్పయితే మార్చుకుంటాను. ఫోన్ చేద్దామంటే మీకు వినపడదని, ఉత్తరమైతే కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదువుతారని ఈయన చెప్పారు.

ఇక్కడ ఎవరికీ జలుబు కూడా లేదు. ఈయనకి జూట్ మిల్లులో ఈ వారం మధ్యాహ్నం షిఫ్టు. అబ్బుకి ముందుపన్ను ఊడింది, నవ్వమంటే చేయి అడ్డం పెట్టుకుంటున్నాడు. జెమీమాకి లెక్కల్లో క్లాసు మొత్తం మీద ఎక్కువ మార్కులు వచ్చాయి.

పెళ్ళినాడు చర్చి వరండాలో మీరు ఈయనతో అన్న మాట నేనూ విన్నాను. మీ అమ్మాయి కరుణక్క పోయిన తరువాత ఆ పిల్లలు ఎక్కడ సుఖంగా ఉంటే అక్కడే ఉండాలన్నారు. ఏప్రిల్లో బడి మూశాక వచ్చి పిల్లల్నే అడుగుతానని, రాజాం వద్దంటే పాతపట్నం తీసుకుపోతానని అన్నారు. ఈయన సరే అన్నారు. నన్నెవరూ అడగలేదు. అడిగినా సరే అనేదాన్నే.

పిల్లలు నన్ను పిన్ని అంటారు. తిన్న కంచం కడిగి పెడతారు, అడిగినదానికి జవాబు చెబుతారు. పెళ్ళికి ముందు ఆమదాలవలసలో ఎల్కేజీ పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. ఇంత బుద్ధిగా ఉండే పిల్లల్ని నేనెక్కడా చూడలేదు. నాకు భయం వేస్తోంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక అష్టాచెమ్మా ఆడతారు. నన్నూ పిలుస్తారు. వాళ్ళిద్దరూ ఒకరి కాయని ఒకరు కొట్టుకుని "కన్నో, కన్నో" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. నా కాయ ఎదురుగా ఉన్నా కొట్టకుండా పక్కనుంచి పోతారు. ఏమిటని అడిగితే, "మా ఇంట్లో ఆట అలాగే. అమ్మమ్మకి తెలుసు" అంటుంది జెమీమా. మీ ఇంటి ఆట ఎలాగో రాసి పంపుతారా? ఈ కన్నో అంటే ఏమిటో కూడా రాయండి.

ఇట్లు,
షీబా

*

పాతపట్నం,
19 అక్టోబరు 2015.

షీబాకి,

ఉత్తరం అందింది. పేరు పెట్టి పిలిచినందుకు నాకేమీ కష్టం లేదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్నంతకాలం వార్డంతా నన్ను పేరుతోనే పిలిచింది.

అష్టాచెమ్మా మేం కనిపెట్టింది కాదు, మీ ఆమదాలవలసలోనూ ఆడతారు. అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను. అయిదుకి అయిదు గడులు. నాలుగు వైపులా, నడుమనా ఇంటూ గుర్తు. గవ్వలు మా ఆయన అబ్రహాం మేష్టారికి గిట్టేవి కావు, సోదె చెప్పేవాళ్ళవి అనేవారు. అందుకని చింతపిక్కలు గచ్చుమీద అరగదీసి ఒక పక్క తెల్లగా చేసుకుంటాం. అన్నీ తెలుపు పడితే చెమ్మా, అన్నీ నలుపు పడితే అష్టా. ఆ రెంటిలో ఏది పడినా మళ్ళీ వెయ్యొచ్చు. ఇంటూ గుర్తులో కూర్చున్న కాయని కొట్టకూడదు. బయటి వరస చుట్టి, లోపలి వరసలోకి వచ్చి, నడుమ గడికి చేరితే కాయ పండినట్టు. ఎదుటివాళ్ళ కాయని ఒక్కటైనా కొట్టనివాళ్ళు లోపలి వరసలోకి రాకూడదు, బయటే తిరుగుతూ ఉండాలి. కన్నో అంటే కొట్టాను అని.

ఇంతే. నీ కాయలు పండకపోతే అది మా ఇంటి ఆట తప్పు కాదు. ఆడలేక మద్దెల ఓడన్నదట ఒకావిడ.

ఏప్రిల్ మాట నువ్వే ఎత్తావు. ఇక్కడి బడిలో పెద్ద టీచరమ్మతో మాట్లాడి ఉంచాను, ఇద్దరికీ చోటు ఉందంది. కరుణ గది ఖాళీగానే ఉంది. నీ మీద కోపంతో చేస్తున్నది కాదు. కూతుర్ని పోగొట్టుకున్నాను, దాని పిల్లలు కూడా దూరంగా ఉంటే నాకు పొద్దు పోవడం లేదు. ఉన్నమాట రాశాను.

దేవమణి

*

రాజాం,
6 డిసెంబరు 2015.

దేవమణమ్మ గారికి,

వందనాలు. మీ ఉత్తరం వచ్చాక నాలుగు ఆదివారాలు ఆడి చూసి అప్పుడు జవాబు రాద్దామనుకున్నాను, అందుకే ఆలస్యం.

కొట్టనివాళ్ళు లోపలికి రాకూడదన్నది మా ఊళ్ళోనూ ఉంది. తెలిసే కొట్టడం లేదు. తల్లిలేని పిల్లల కాయని బయటకి నెట్టి నేను లోపలికి పోవడమా? నాకు చేయి రాదు. పిల్లలతో ఆడితే ఓడిపోవాలి, టీచరుగా నేను నేర్చుకున్నది అదే. అందుకని వాళ్ళు నన్ను కొట్టరు, నేను వాళ్ళని కొట్టను. వాళ్ళవి పండుతాయి. నావి చుట్టూ తిరుగుతాయి.

మొన్న జెమ్మి చింతపిక్కలు చేతిలో పట్టుకుని వెయ్యకుండా ఆగిపోయింది. నావైపు చూసి, "పిన్నీ, నువ్వు మాతోటి ఆడతన్నావా, మమ్మల్ని ఆడిస్తన్నావా?" అంది. టీ పెడతానని లేచాను. వంటింట్లోకి అబ్బు గొంతు వినబడింది. "ఏటే, పిన్ని కాయ ఇక్కడే ఉన్నాది, కొట్టీమంతావా?" అని అడుగుతున్నాడు. "ఒద్దురా, తప్పు" అంది జెమ్మి.

ఏది తప్పో నాకు అర్థం కాలేదు. మీరు రాయని నియమం ఇంకేదైనా ఉందా? ఉంటే దయచేసి రాయండి.

క్రిస్మస్‌కి జెమ్మికి లంగా జాకెట్టు కుట్టించాను. పొడుగు వచ్చిందంది, కానీ విప్పలేదు. పండగయ్యాక ఇద్దరినీ నాలుగు రోజులు మీ దగ్గరకి పంపమన్నారట, ఈయన తీసుకొస్తారు.

షీబా

*

పాతపట్నం,
14 డిసెంబరు 2015.

షీబాకి,

పిల్లలు నీ కాయల్ని కొట్టడం లేదని చదివాక నా మనసు కుదుటపడింది. కరుణ నేర్పిన మర్యాద మరిచిపోలేదు. వాళ్ళని అలాగే ఉండనీ. నువ్వు అడిగినదానికి ఇంతకన్నా జవాబు లేదు.

కజ్జికాయలు చేశాను. పక్కింటి ఎల్లాజీ రాజాంలో పని ఉండి వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను. బస్సులో కొన్ని విరిగే ఉంటాయి, విరిగినవి మా అల్లుడు రాబర్ట్‌కి పెట్టు, వాడు చూసుకోడు.

దేవమణి

*

ఆమదాలవలస,
16 ఫిబ్రవరి 2016.

దేవమణమ్మ గారికి,

పైన ఊరి పేరు చూసే ఉంటారు. మా అమ్మ దగ్గరకి వచ్చేశాను. అమ్మకి జ్వరమని ఈయనతో చెప్పాను. అమ్మకి జ్వరమూ లేదు, ఏమీ లేదు. పెరట్లో వడియాలు పెడుతోంది.

పోయిన వారం బడి నుంచి వస్తూ అబ్బు నా చేయి విడిపించుకుని రోడ్డుకి అడ్డంగా పరిగెత్తాడు. ధాన్యం లారీ వాడి మీదకి వచ్చి ఆగింది. వాణ్ణి ఇవతలకి లాగి వీపుమీద ఒక్కటి వేశాను. వాడి మీద చేయి ఎత్తడం నాకు అదే మొదలు. వాడు ఏడ్చాడు. నేను కూడా రోడ్డుమీద నలుగురూ చూస్తుండగా ఏడ్చాను. ఇంటికి వచ్చాక ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

ఆదివారం ఆటకి ఈయన కూడా కూర్చున్నారు. అబ్బుకి చెమ్మా పడింది, వాడి కాయ నా కాయ మీదకి వచ్చింది. ఎప్పటిలాగే ఇంకో కాయ జరుపుతాడనుకున్నాను. వాడు నా కాయని తీసి నా ముందు పెట్టాడు. లేచి నిలబడ్డాడు. "పిన్నీ, నువ్వు కన్నోరింటికి ఎల్లిపో" అని గట్టిగా అన్నాడు. జెమ్మి చప్పట్లు కొట్టింది. వాళ్ళ నాన్న పడీపడీ నవ్వారు.

కాయని కొట్టినందుకు కాదు నా బాధ. ఏడేళ్ళ పిల్లాడు ఒక ఆడదాన్ని పట్టుకుని పుట్టింటికి పొమ్మంటే, ఆ మాట ఎవరో నేర్పకుండా రాదు. నేను వేసిన దెబ్బకి అది బదులు. వాళ్ళు క్రిస్మస్ తరువాత మీ దగ్గర ఉండి వచ్చారు. అంతకన్నా నేను రాయక్కరలేదు. సోమవారం ఈయన షిఫ్టుకి వెళ్ళాక బట్టలు సర్దుకున్నాను.

మీకు పిల్లలు కావాలి. ఏప్రిల్ దాకా ఆగితే మీరే నెగ్గేవారేమో, ఈ పని చేయించకుండా ఉండవలసింది. ఇప్పుడే వచ్చి తీసుకుపోండి. నేను అడ్డం రాను.

షీబా

*

పాతపట్నం,
27 ఫిబ్రవరి 2016.

షీబా,

నీ ఉత్తరం ఎప్పుడో అందింది. వెంటనే జవాబు రాయలేదు. ఎందుకంటే అది చదివి నేను సంతోషించాను. పిల్లలు వచ్చేస్తారనుకుని పనిమనిషి మరిడమ్మని పిలిచి కరుణ గది కడిగించాను. నువ్వు పొరపాటు పడ్డావని ఉత్తరం సగం చదివేసరికే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను.

నిన్న జెమ్మి ఉత్తరం వచ్చింది. అది మాట్లాడినట్టే రాస్తుంది, టీచరు ఎంత దిద్దినా మారదు. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"అమ్మమ్మా, పిన్ని నిజంగా ఎల్లిపోయినాది. ఆలమ్మకి జొరం అని నాన్నకి సెప్పినాది గాని పెట్టి నిండా బట్టలు ఎట్టుకున్నాది. తను కాయ కొట్టినందుకే ఎల్లిపోయిందని అబ్బుగాడు ఏడుస్తన్నాడు. అన్నం సరిగ్గా తినడు. పిక్కలు కాలవలో పారీసినాడు. నాన్నకి ఏటీ సెప్పనేదు, బయ్యం. నువ్వు పిన్నికి సెప్పు. ఇంకెప్పుడూ పిన్ని కాయని కొట్టం. సుట్టాన్ని సూసినట్టే సూస్తాం. వచ్చీమను."

ఇప్పుడు నీకు రాయనిది రాస్తాను. కరుణ చిన్నప్పుడు ఒక ఆదివారం మేష్టారు ఆరాధనలో నరహత్య చేయకూడదన్న ఆజ్ఞ చదివి ఇంటికొచ్చేసరికి పిల్లలు ఆటలో కూర్చుని "సంపీసేను, సంపీసేను" అని కేకలు వేస్తున్నారు. ఆ మాట ఇంట్లో వద్దన్నారు. కొట్టిన కాయ బయలుదేరిన గడికే పోతుంది కదా, అది దాని కన్నవారిల్లు, కన్నోరింటికి పంపాం అనండి అన్నారు. అనగా అనగా అది అరిగి కన్నో అయింది. ఒక మనిషి కాయని మొట్టమొదటిసారి కొట్టినప్పుడు మాత్రం లేచి నిలబడి మాట మొత్తం అనాలి.

చుట్టం కాయని మా ఇంట్లో కొట్టరు. ఆడిస్తాం, టీ ఇస్తాం, బస్సెక్కిస్తాం. చుట్టానికి ఆ సంగతి చెప్పం. రాబర్ట్ కొత్తల్లుడుగా వచ్చినప్పుడు వాడి కాయల్నీ అలాగే వదిలేసేవాళ్ళం. ఒకరోజు కరుణ లేచి నిలబడి "ఏమండీ, కన్నోరింటికి ఎల్లిపొండి" అంది. రాబర్ట్ మొహం మాడ్చుకుని బస్టాండు దాకా పోయాడు, మేష్టారు వెనకాలే వెళ్ళి తీసుకొచ్చారు. మొన్న వాడికి అంత నవ్వు వచ్చింది అందుకే. ఎందుకు నవ్వాడో నీతో ఒక్క ముక్క అంటే సరిపోయేది. మగవాళ్ళకి అది తోచదు.

అబ్బు నీ చేతి దెబ్బ తిన్నాడు. తిన్నాక నీ కాయని కొట్టాడు. నన్ను కొట్టి, నాకోసం రోడ్డుమీద ఏడ్చిన మనిషి చుట్టం కాదు అని వాడి బుర్రకి తోచింది. నేను నేర్పలేదు. నన్నడిగితే వద్దనేదాన్ని. నువ్వు ఆ ఇంట్లో చుట్టంలాగే ఉండాలని ఈ ఏడాదంతా కోరుకున్నదాన్ని నేను.

ఈ ఉత్తరం అందిన రోజే బస్సెక్కు. వెళ్ళాక వాళ్ళ కాయల్ని కొట్టు. నువ్వు జాలిపడి వదిలేస్తున్నావని ఆ పిల్ల ఎప్పుడో కనిపెట్టింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత నీకు తెలుసు. నర్సుగా నేను కళ్ళారా చూశాను.

దేవమణి

*

రాజాం,
14 మార్చి 2016.

అమ్మా,

మీ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. మిమ్మల్ని అనరాని మాట అన్నందుకు సిగ్గుగానూ ఉంది. ఆ రెండూ ఉండగానే ఇలా పిలవాలనిపించింది.

నేను వచ్చేసరికి అబ్బు గేటు దగ్గర ఉన్నాడు. నా దగ్గరకి రాలేదు. నా పెట్టె లాక్కుపోయి నీళ్ళ డ్రమ్ము వెనకాల దాచాడు. వాణ్ణి పట్టుకుని, "ఒరే, కన్నోరింటికి పోయిన కాయ మళ్ళీ ఆటలోకి వస్తాది కదరా" అన్నాను. వాడు ఆలోచించి, "పిక్కలు పారీసినాను" అన్నాడు. ఇద్దరం గచ్చుమీద కూర్చుని కొత్తవి అరగదీశాం. నా బొటనవేలు బొబ్బెక్కింది.

నిన్న ఆడాం. జెమ్మి కాయ లోపలి వరసలోకి తిరగబోతోంది. నాకు అష్టా పడింది, సరిగ్గా దాని మీదకి వెళ్ళాను. లేచి నిలబడ్డాను గానీ తల్లిలేని పిల్లతో ఆ మాట అనొచ్చా అని నోరు ఆగింది. దాని కన్నోరిల్లు ఇదే కదా, రేపు పెళ్ళయ్యాక పండక్కి రావలసింది ఇక్కడికే కదా అనుకున్నాను. "ఒసే జెమ్మీ, కన్నోరింటికి ఎల్లిపో" అన్నాను.

అది ఏడ్చింది. నేను తొండి ఆడానంది. గడులు గీసిన అట్టని తన్నేసింది. "నువ్వు రాకముందే బాగుండీది" అంది. నాకూ ఒళ్ళు మండి తిట్టాను, అదీ తిరిగి తిట్టింది. ఈ ఇంట్లో ఆ పిల్ల నాతో గొంతెత్తడం ఇప్పటిదాకా లేదు. ఈయన మధ్యలోకి రాబోతే ఇద్దరం ఆయన మీద పడ్డాం. ఈ రోజు పొద్దున్న బడికి టైమవుతుంటే దువ్వెన తెచ్చి నా ఒళ్ళో పడేసి, వెనక్కి తిరిగి కూర్చుంది. ఇన్నాళ్ళూ తన జడ తనే వేసుకునేది. జడ వేశాను.

ఏప్రిల్ నెలాఖరుకి బడి మూస్తారు. మీరు వచ్చి, అన్నమాట ప్రకారం వాళ్ళని అడగండి. నేను వాళ్ళకి ఏమీ చెప్పి పెట్టను. నాకు భయంగా ఉంది. నిన్న జరిగినదానికి జెమ్మి పాతపట్నమే అంటుందేమో. మీరు అడిగేటప్పుడు నేను బజారుకి పోతాను.

షీబా

*

పాతపట్నం,
2 మే 2016.

అమ్మా షీబా,

క్షేమంగా చేరాను. పాలకొండలో బస్సు మారాక సీటు దొరికింది. నువ్వు కట్టిచ్చిన పులిహోర దారిలోనే అయిపోయింది.

నువ్వు బజారు నుంచి వచ్చి సంచి కూడా కింద పెట్టకుండా నా మొహం చూశావు. నేనేమీ చెప్పలేదు. మర్నాడే ప్రయాణమయ్యాను, ఆపితే ఆగలేదు. పిల్లలు ఏమన్నారోనని నువ్వు ఇంకా ఆలోచిస్తూనే ఉంటావు. నేను వాళ్ళని అడగలేదు.

అడుగుదామనే కూర్చోబెట్టాను. "అమ్మమ్మా, ముందో ఆట" అన్నాడు అబ్బు. సరే అన్నాను. క్రిస్మస్ తరువాత ఇక్కడికి వచ్చినప్పుడు ఆ ఇద్దరూ కలిసి నా కాయల్ని ఒక్కటి మిగల్చకుండా కొట్టారు. ఈసారి నా కాయ ఇంటూ గుర్తు లేని గడిలో ఉంది. అబ్బుకి కావలసిన మూడు పడింది. వాడు కాయ మీద చేయి పెట్టి అక్కవైపు చూశాడు. జెమ్మి తల అడ్డంగా ఊపింది. వాడు ఇంకో కాయ జరిపాడు. తరువాత దాని వంతు వచ్చింది, అదీ నన్ను దాటుకుని పోయింది. నాకు చెవులు మందగించాయి గానీ కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి. ఆట అయ్యాక జెమ్మి వంటింట్లోకి వెళ్ళి నాకు టీ పెట్టి తెచ్చింది. చక్కెర సరిపోయిందా అని అడిగింది.

ఇంకా అడగడానికి ఏముంది. చెమట పడుతోందని చెప్పి కొంగు మొహానికి పెట్టుకున్నాను. ఏడ్చాను షీబా. నీకు చెప్పడానికి సిగ్గు లేదు. కరుణ పోయినప్పుడు కూడా ఆ పిల్లల ముందు ఏడవలేదు.

ఈ రోజు పెద్ద టీచరమ్మ ఇంటికి వెళ్ళి, పిల్లలు రారని చెప్పాను. "ఏటమ్మా, కచ్చితంగా వస్తారని సెప్పీరు కదా" అంది. వినపడనట్టు వచ్చేశాను. కరుణ గదిలో మంచం ఉంచాను, బల్ల మాత్రం ఎల్లాజీ కూతురు చదువుకోవడానికి ఇచ్చాను.

పెళ్ళినాడు నువ్వు పక్కనే నిలబడి ఉండగా, నిన్ను లెక్కలోకి తీసుకోకుండా పిల్లల్ని పట్టుకుపోతానన్నాను. ఇప్పుడు నిన్నే అడుగుతున్నాను. సెలవుల్లో కొన్నాళ్ళు వాళ్ళని నా దగ్గరకి పంపుతావా? నువ్వు కూడా వస్తే మరీ మంచిది. వీలుకాదంటే అదే రాయి, నేనేమీ అనుకోను. ఏ రోజు పంపాలో, ఎన్నాళ్ళు ఉంచాలో నువ్వే చెప్పు. చెప్పిన రోజుకి తిరిగి తీసుకొచ్చి నీకు అప్పగిస్తాను.

మీ అమ్మ,
దేవమణి